జారిపోయే బ్లైండ్, తిరగని పట్టీలు: కొత్తది కొనే ముందు చూడాల్సినవి

ప్రశ్న: మా పడకగది కిటికీకి 25 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీల బ్లైండ్ ఉంది. వెడల్పు 120 సెంటీమీటర్లు, ఎత్తు 150. పైకి లాగి వదిలితే నిలవకుండా జారి కిందికొస్తోంది. కొంచెం ఆగినా కుడివైపు వాలిపోతుంది. ఈమధ్య కడ్డీ తిప్పితే టకటకమని చప్పుడు వస్తోంది కానీ పట్టీలు తిరగడం లేదు. మధ్యలో ఒక పట్టీ మడత కూడా పడింది. పక్క గదిలో గొలుసుతో నడిచే రోలర్ బ్లైండ్‌ ఉంది. అది చుట్టుకునేటప్పుడు గుడ్డ ఎడమవైపుకు జరిగి బ్రాకెట్‌కు రాసుకుంటోంది. రెండూ పారేసి కొత్తవి వేయించుకోమంటున్నారు. బాగుచేసుకునే వీలుందా? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

సమాధానం: వీలుంది. మీరు చెప్పిన వాటిలో బ్లైండ్ మొత్తం మార్చాల్సిన లోపం ఒక్కటీ లేదు. పడకగది బ్లైండ్‌కు దాదాపు 7 మీటర్ల తాడు, ఒక టిల్టర్ (పట్టీలను తిప్పే భాగం), బహుశా ఒక కార్డ్ లాక్ (తాడును పట్టి ఆపే భాగం) చాలు. రోలర్ బ్లైండ్‌కు కాస్త మాస్కింగ్ టేప్ సరిపోవచ్చు. అయితే పని మొదలుపెట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. పట్టీల బ్లైండ్లలో తేడా కనబడేది కింద, దానికి కారణం ఉండేది ఎక్కువగా పైన హెడ్‌రైల్‌లో. కింద కనబడిన చోటే ముడులు బిగిస్తూ పోతే ఒక వారం బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

హెడ్‌రైల్ అంటే కిటికీ పైభాగాన బిగించిన లోహపు దోనె. దాని పొడవునా లోపల ఒక ఇరుసు ఉంటుంది. ఇరుసు మీద రెండు మూడు చోట్ల చిన్న ప్లాస్టిక్ డ్రమ్ములు, ఒక చివర పట్టీలను తిప్పే టిల్టర్, సాధారణంగా రెండో చివర తాడును పట్టి ఆపే కార్డ్ లాక్ ఉంటాయి. డ్రమ్ముల నుంచి వేలాడేవి నిచ్చెన దారాలు. వాటి మెట్ల మీదే పట్టీలు కూర్చుంటాయి. ఎత్తే తాళ్లు వీటికి వేరు. అవి లాక్‌లోంచి హెడ్‌రైల్‌లోకి వెళ్లి, పట్టీల మధ్య రంధ్రాల గుండా దిగి, అన్నిటికంటే కిందుండే అడుగు బద్దలో ముడితో ఆగుతాయి.

ఈ రెండు రకాల దారాల తేడా గుర్తుంటే సగం పరీక్ష అయినట్టే. బ్లైండ్ పూర్తిగా దించినప్పుడు అడుగు బద్ద బరువును మోసేవి నిచ్చెన దారాలు. ఎత్తే తాళ్లు అప్పుడు వదులుగా ఉంటాయి. బ్లైండ్‌ను ఎత్తగానే బరువు తాళ్ల మీదికి వస్తుంది. కాబట్టి ముందు పూర్తిగా దించి, అడుగు బద్ద మీద రసమట్టం పెట్టి చూడండి. దించినప్పుడు కూడా వాలి ఉంటే నిచ్చెన దారం డ్రమ్ము దగ్గరో అడుగు బద్ద దగ్గరో జారింది. దించినప్పుడు సమంగా ఉండి, ఎత్తినప్పుడే వాలితే తప్పు ఎత్తే తాడుది. హెడ్‌రైల్ మీద కూడా రసమట్టం పెట్టండి. బ్రాకెట్ స్క్రూ వదులై హెడ్‌రైలే వంగి ఉంటే కింద ఎంత సరిచేసినా లాభం లేదు.

మీది ఎత్తినప్పుడు వాలుతోంది, పైగా జారుతోంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు కాకపోవచ్చు. లాక్ లోపల గరుకు చారలున్న ఒక చిన్న పిన్ను ఏటవాలు గాడిలో కదులుతుంటుంది. తాడు వదలగానే బ్లైండ్ బరువుకు ఆ పిన్ను తాడును నొక్కి పట్టేస్తుంది. రెండు తాళ్లనూ పట్టేది ఆ ఒక్క పిన్నే. ఒక తాడు రాపిడికి పలచబడి, రెండోది మందంగానే ఉందనుకోండి. పిన్ను మందమైన దాని మీదే ఆనుతుంది, పలచటిది కింద నుంచి జారిపోతుంది. అప్పుడు పలచటి తాడున్న వైపు వాలుతుంది. కొన్నాళ్లకు రెండోది కూడా నునుపు తేలి మొత్తం బ్లైండే జారుతుంది. అందుకే ఒక తాడు మాత్రమే చెడినట్టు కనిపించినా రెండూ కలిపే మార్చండి. పాత తాడు పక్కన కొత్త తాడు వేస్తే అదే తేడా మొదటి రోజే తెచ్చిపెట్టుకున్నట్టు.

తాడు కొనే ముందు లాక్‌ను ఒకసారి శుభ్రం చేసి చూడటం మంచిది. దుమ్ము, తాడు నుంచి రాలిన నూగు చేరి పిన్ను గాడిలో ఇరుక్కుపోయినా బ్లైండ్ నిలవదు. మెత్తటి బ్రష్‌తో దులిపి, దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నునూ గాడినీ తుడవండి. నూనె మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. ఈ భాగం పనిచేసేదే రాపిడి మీద. నూనె తగిలితే పిన్ను పట్టు పోతుంది, తాడు దాన్ని పీల్చుకుంటుంది, దుమ్ము అంటుకుంటుంది. ఆ తర్వాత లాక్, తాడు రెండూ మార్చక తప్పదు. టార్చి వేసి పిన్ను చారలు కూడా చూడండి. గోటితో గీస్తే గరుకుగా తగలాలి. నున్నగా తగిలితే లాక్ కూడా మార్చాలి.

లాగే పద్ధతి కూడా ఒకసారి సరిచూసుకోండి. చాలా లాకుల్లో తాడును బ్లైండ్ మధ్య వైపు ఏటవాలుగా లాగితే పట్టు విడుస్తుంది, తిన్నగా లేదా బయటి అంచు వైపు లాగి మెల్లగా వదిలితే పట్టుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా లాగుతుంటే బాగున్న లాక్ కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది. దీనికి తలకిందులైన తంటా ఇంకొకటి ఉంది: బ్లైండ్ పైనే బిగుసుకుపోయి కిందికి రాదు. అప్పుడు తాళ్లు లాక్‌లో ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. గుంజకుండా, సన్నటి స్క్రూడ్రైవర్‌ను పిన్నుకూ తాడుకూ మధ్య దూర్చి పిన్నును పైకి నెట్టి, తాళ్లను విడదీసి పక్కపక్కన కూర్చోబెట్టాలి.

ఇక బ్లైండ్‌ను దించే పని. తాళ్లన్నీ మార్చాలి కాబట్టి గోడ మీద ఉంచి చేయడం కష్టం. పట్టీలన్నిటినీ పైకి లాగి, లాక్ నిలవడం లేదు కాబట్టి రెండు చోట్ల గుడ్డ పేలికలతో హెడ్‌రైల్‌కు కట్టేయండి. ముందు తిప్పే కడ్డీని కొక్కెం నుంచి తీయండి. ముందు భాగాన అలంకార పట్టీ ఉంటే క్లిప్పుల నుంచి ఊడదీయండి. పెట్టెలాంటి బ్రాకెట్లయితే ముందు వైపు చిన్న తలుపు ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని జరిపి తెరిస్తే హెడ్‌రైల్ ముందుకు జారి వస్తుంది. 120 సెంటీమీటర్ల వెడల్పుకు మధ్యలో ఒక ఆధారపు బ్రాకెట్ ఉండొచ్చు, దాన్నీ విడిపించాలి. రెండో మనిషి ఒక చివర పట్టుకుంటే మంచిది. ఒంటరిగా దించితే హెడ్‌రైల్ వంగి, లోపలి ఇరుసు బిగుసుకుంటుంది.

మంచం మీదో పొడవాటి బల్ల మీదో పరిచి, హెడ్‌రైల్ తెరిచి ఉన్న వైపును పైకి తిప్పి, ఏదీ కదపకముందే ఫోన్‌తో మూడు నాలుగు ఫొటోలు తీయండి. లాక్‌లో తాడు ఏ వైపు నుంచి దూరింది, ఇరుసుకు పైనుంచి వెళ్లిందా కిందినుంచి వెళ్లిందా, డ్రమ్ము కింద ఏ రంధ్రంలోంచి దిగింది అన్నవి తిరిగి ఎక్కించేటప్పుడు ఎవరికీ గుర్తుండవు.

తాడు మందం అన్నిటికన్నా ముఖ్యం. 25 మిల్లీమీటర్ల పట్టీలకు 1.4 మిల్లీమీటర్ల తాడు తరచూ కనిపిస్తుంది. వెడల్పు పట్టీలకు 1.8 లేదా అంతకు మించి ఉంటుంది. ఊహించి కొనకండి. పాత తాడులో ఎప్పుడూ లాక్ లోపలికి వెళ్లని చోటును, అంటే అడుగు బద్ద దగ్గరి ముక్కను వెర్నియర్‌తో కొలవండి. లాక్‌లో నలిగిన చోట కొలిస్తే తక్కువ చూపిస్తుంది. పదార్థం పాలిస్టర్ అయితే మేలు, ఎండకు నైలాన్ కంటే ఎక్కువ కాలం ఆగుతుంది. పొడవు లెక్క ఇలా: బ్లైండ్ ఎత్తు, ఆ తాడు హెడ్‌రైల్‌లో ప్రయాణించే దూరం, లాక్ బయట వేలాడే భాగం. మీ బ్లైండ్‌కు దూరపు తాడు 150, 105, 100 కలిపి 355 సెంటీమీటర్లు. లాక్ పక్కనే ఉన్న తాడు 150, 15, 100 కలిపి 265. మొత్తం 620, ముడులకు మరో 40 చేర్చండి. 7 మీటర్లు తీసుకుంటే కత్తిరించే పొరపాట్లకు కూడా చోటుంటుంది. మీ బ్లైండ్‌కు మూడో తాడు మధ్యలో ఉంటే దానికి 320 సెంటీమీటర్ల దాకా అదనంగా కలపండి. పాప ఉన్న ఇంట్లో వేలాడే భాగాన్ని 100 కంటే తగ్గించగలిగితే తగ్గించండి. చేతికి అందేంత ఉంటే చాలు.

పాత తాడు తెగకుండా ఉంటే మార్చడం తేలిక. ఒకసారికి ఒక తాడే ముట్టుకోవాలి, రెండోది దాని చోట ఉండాలి. పేలికలు విప్పి, పట్టీలు పూర్తిగా పరిచి ఉంచండి. అడుగు బద్ద కింద ఉన్న ప్లాస్టిక్ బిరడాను స్క్రూడ్రైవర్‌తో లేపి, లోపలి ముడిని బయటికి లాగి కత్తిరించండి. కొత్త తాడు మొనను ఆ కత్తిరించిన చివరకు అతకాలి. ముడి వేస్తే పట్టీ రంధ్రంలో పట్టదు. రెండు మొనలను ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి ఆనించి, సూదితో నాలుగైదు కుట్లు వేసి, పైన సన్నటి టేప్‌ను ఒకే చుట్టు చుట్టండి. లైటర్‌తో కరిగించి అతికే పద్ధతి కూడా ఉంది కానీ అతుకు గట్టిపడి మలుపుల దగ్గర విరుగుతుంది. కుట్టే నమ్మకం. ఆ తర్వాత లాక్ బయట ఉన్న చివర పట్టుకుని నెమ్మదిగా లాగండి. తాడు బయటికి వచ్చే దిక్కులో లాక్ అడ్డుపడదు, కాబట్టి కొత్త తాడు పాతదాని వెంటే పట్టీల గుండా, హెడ్‌రైల్ గుండా, లాక్ గుండా దానంతట అదే దారి పట్టి వస్తుంది.

తాడు ముందే తెగిపోయి ఉంటే చేతితో ఎక్కించాలి. మొనను కొద్దిగా కరిగించి తడి గుడ్డతో నొక్కి సూదిలా గట్టిపరచండి. ఫొటో చూసుకుంటూ లాక్, హెడ్‌రైల్, డ్రమ్ము కింది రంధ్రం గుండా తెచ్చి పట్టీల్లోకి దించండి. ఇక్కడ తొందరపడేవాళ్లు తప్పకుండా తప్పు చేసే చోటు ఒకటుంది. నిచ్చెన దారంలో ప్రతి మెట్టు దగ్గరా తాడు ఒకసారి మెట్టుకు ముందు నుంచి, తర్వాతి దగ్గర వెనక నుంచి, అలా మారుతూ దిగాలి. పట్టీలు పక్కకు జారకుండా ఆపేది ఆ అల్లికే. అన్ని మెట్లకూ ఒకే వైపు నుంచి దించితే బ్లైండ్ లేస్తుంది, దిగుతుంది, కానీ గాలికి పట్టీలు ఒక్కొక్కటీ పక్కకు జరిగి చివరలు ఎగుడుదిగుడు అవుతాయి.

కింద ముడి వేసేటప్పుడు మామూలు ముడి చాలదు, ఎనిమిది అంకె ఆకారంలో వేయండి. అది లావుగా ఉంటుంది, బరువు పడ్డకొద్దీ బిగుస్తుంది. ముడి తర్వాత ఒక సెంటీమీటరు తాడు వదిలి, మొనను కరిగించి గుండ్రంగా చేయండి. బిరడా పెట్టేయండి.

తాడు మార్చినా అదే చోట మళ్లీ మళ్లీ తెగే బ్లైండ్లు ఉంటాయి. పాత తాడు ఎక్కడ చిరిగిందో పారేసే ముందు చూడండి. హెడ్‌రైల్ నుంచి కిందికి దిగే రంధ్రం దగ్గర చిరిగితే అక్కడుండాల్సిన ప్లాస్టిక్ గ్రోమెట్, అంటే రంధ్రం అంచును కప్పే వలయం, ఊడిపోయి, రేకు అంచు తాడును కోస్తోందని అర్థం. గ్రోమెట్ పెట్టకుండా కొత్త తాడు వేయడం దండగ. ఏదో ఒక పట్టీ ఎత్తులో చిరిగితే ఆ పట్టీ రంధ్రం అంచు గరుకుగా ఉంటుంది. సన్నగా చుట్టిన గరుకు కాగితంతో లోపలి అంచును రుద్దండి.

రెండు తాళ్లూ వేశాక సమం చేయాలి. బ్లైండ్‌ను గోడకు ఎక్కించి, జానెడు ఎత్తు లేపి ఆపండి. వాలిన వైపు తాడు లోపల ఎక్కువ పొడవు ఉందన్నమాట. ఆ ఒక్క తాడును లాక్ దగ్గర కొద్దికొద్దిగా బయటికి లాగుతూ అడుగు బద్ద సమానమయ్యే దాకా చూడండి.

పాప ఉంది కాబట్టి ఇక్కడ రెండు పనులు తప్పనిసరి. మొదటిది, రెండు తాళ్ల చివరలను కలిపి ముడి వేయకండి. కలిపి కడితే అది ఉచ్చు. పిల్లల మెడకు బిగుసుకుని ప్రాణం తీసినవి ఇలాంటి ఉచ్చులే. ప్రతి తాడుకూ విడిగా ఒక చిన్న గుబ్బ తగిలించండి. రెండోది, పాత తాడు మీద లాక్‌కు కాస్త కింద చిన్న ప్లాస్టిక్ రింగు లాంటిది కనిపించి ఉంటుంది. బ్లైండ్ దించి ఉన్నప్పుడు ఎవరైనా పట్టీల మధ్య నుంచి తాడును లాగితే లోపలి తాడు ఉచ్చులా బయటికి రాకుండా అది లాక్‌కు తగిలి ఆపుతుంది. తాడు మార్చినప్పుడు దీన్ని తిరిగి వేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. బ్లైండ్ పూర్తిగా దించి, రింగు లాక్ కింద 25 నుంచి 50 మిల్లీమీటర్ల లోపు ఉండేలా బిగించండి. తర్వాత పట్టీల మధ్య తాడును వేలితో లాగి చూడండి. రెండు అంగుళాలకు మించి రాకూడదు. మిగిలిన తాడును చుట్టి పెట్టడానికి గోడకు పాప చేతికి అందనంత ఎత్తులో ఒక కొక్కెం బిగించండి. పాప మంచం, ఆమె ఎక్కగలిగే బల్ల కిటికీ దగ్గర ఉంటే జరిపేయండి. ఇంత చేసినా తాళ్లు లేని బ్లైండ్‌కు ఇది సాటి రాదు. పాప నిద్రపోయే గది ఇదే అయితే తాళ్లు లేని రకానికి మారడమే నా సలహా. ఈ బాగుచేసినదాన్ని పాప వెళ్లని గదికి వాడుకోవచ్చు.

ఇప్పుడు టకటక చప్పుడు. కడ్డీ తిరిగితే టిల్టర్ లోపల మరచుట్లున్న చిన్న దండు తిరుగుతుంది, అది ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, చక్రం ఇరుసును, ఇరుసు డ్రమ్ములను, డ్రమ్ములు నిచ్చెన దారాలను. ఈ వరుసలో తెగిన చోటు ఎక్కడో హెడ్‌రైల్ తెరిచి ఉండగా కడ్డీ తిప్పి చూస్తే తెలిసిపోతుంది. కడ్డీ తిరిగినా టిల్టర్ మొన తిరగకపోతే కొక్కెం విరిగింది. మొన తిరిగినా ఇరుసు కదలకపోతే చక్రం పళ్లు అరిగాయి, లేదా ఇరుసు పక్కకు జరిగి టిల్టర్ రంధ్రం నుంచి బయటికి వచ్చేసింది. ఇరుసు తిరిగినా పట్టీలు కదలకపోతే డ్రమ్ము పగిలింది, లేదా నిచ్చెన దారం దాని మీది క్లిప్పు నుంచి ఊడింది. మీ చప్పుడు అరిగిన పళ్లదే అయి ఉండాలి. కానీ టిల్టర్ కొనేముందు ఇరుసు జరిగిందేమో చూడండి. అదే అయితే వేలితో నెట్టితే పని అయిపోతుంది.

టిల్టర్ మార్చడానికి ఇరుసును రెండో చివర వైపు 3 నుంచి 5 సెంటీమీటర్లు జరిపితే టిల్టర్ విడుదలవుతుంది. దాన్ని పైకి లేపి తీయండి. కొత్తదానికి రెండు కొలతలు సరిపోవాలి: ఇరుసు ఆకారం, హెడ్‌రైల్‌లో అది కూర్చునే కోత. ఇరుసు ఆరు పలకలుగా, చతురస్రంగా, ఒకవైపు చదునైన గుండ్రంగా, ఇలా రకరకాలుగా ఉంటుంది. చూపుకు దగ్గరగా ఉన్నది ఎక్కిస్తే కొన్నాళ్లు తిరిగి, ఇరుసు రంధ్రాన్ని గుండ్రంగా అరగదీస్తుంది. పాత టిల్టర్‌నే చేత పట్టుకుని వెళ్లి పోల్చుకోండి. బిగించేటప్పుడు పట్టీలు నేలకు సమాంతరంగా తెరుచుకుని ఉండాలి. ఇరుసు తోశాక రెండు వైపులా తిప్పండి. ఒకవైపు పూర్తిగా మూసుకుని, రెండో వైపు సగంలో ఆగితే ఇరుసును బయటికి లాగి, ఒక పలక తిప్పి మళ్లీ తోయండి.

పళ్లు అరగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పట్టీలు మూసుకున్నాక కూడా ఇంకాస్త బిగుతుగా మూసుకుంటాయని తిప్పుతూనే ఉంటారు. లేదా బ్లైండ్ పైకి ఎత్తి, పట్టీలు దొంతరగా ఉన్నప్పుడు తిప్పుతారు. ఆ స్థితిలో నిచ్చెన దారాలకు కదలడానికి చోటుండదు, ఒత్తిడంతా ప్లాస్టిక్ పళ్ల మీద పడుతుంది. బ్లైండ్ దించాకే కడ్డీ తిప్పాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

మడత పడిన పట్టీ సంగతి చిన్నది. అల్యూమినియం ఒకసారి మడత పడితే ఆ గీత పూర్తిగా పోదు. వేళ్లతో నొక్కి సరిచేస్తూ పోతే పగులుతుంది. కొత్త పట్టీ వెతకక్కర్లేదు. చాలా బ్లైండ్లు కిటికీ కంటే పొడవుగా ఉంటాయి, అడుగున రెండు మూడు పట్టీలు ఒకదాని మీదొకటి ఊరికే పడి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మధ్యకు తెచ్చి, మడతదాన్ని అడుగుకు పంపండి. తాళ్లు మార్చేటప్పుడే ఇది చేస్తే అదనపు శ్రమ లేదు. విడిగా చేయాల్సి వస్తే అడుగు ముడులు విప్పి, తాళ్లను చెడిన పట్టీకి పైదాకా లాగి, పట్టీని పక్కనుంచి జార్చి తీయాలి.

బాగుచేయడం మానేయాల్సిన సందర్భాలు కూడా చెప్పాలి. నిచ్చెన దారాన్ని వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలుతుంటే ఎండకు అది చివికిపోయింది. ఒకటి రెండు మెట్లు తెగితే సన్నటి పాలిస్టర్ దారంతో కట్టుకోవచ్చు, పదికి పైగా తెగితే వద్దు. కొత్త నిచ్చెన దారం వేయడం అసాధ్యం కాదు, కానీ పట్టీ వెడల్పుతో పాటు మెట్ల మధ్య దూరం కూడా అచ్చంగా సరిపోవాలి. పది మెట్ల దూరం కొలిచి పదితో భాగించి చూసుకోవాలి. బ్లైండ్ మొత్తం విప్పి మళ్లీ పేర్చాలి. పట్టీలు అన్నీ బాగుంటేనే ఆ శ్రమకు అర్థం. ఇక పీవీసీ పట్టీలు పసుపెక్కి, తుడిస్తే సున్నంలా పొడి అంటుతుంటే వాటికి మరమ్మతు లేదు. కొన్ని పాత పీవీసీ బ్లైండ్లలో సీసం కలిపేవారు. ఎండకు పట్టీ చివికి, ఆ సీసం దుమ్ముగా పైకి తేలుతుందని 1996లో అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ హెచ్చరించింది. అంత పాతవి ఏ గదిలో ఉన్నా, పిల్లలున్న ఇంట్లో తుడిచి వాడుకోవడం కాదు, తీసేయడమే సరి.

రోలర్ బ్లైండ్‌కు వద్దాం. గుడ్డ ఎడమకు జరగడానికి మూడు కారణాలు ఉండొచ్చు. గుడ్డ చుట్టుకునే గొట్టం సమంగా లేకపోవడం మొదటిది. గొట్టం మీద రసమట్టం పెట్టి చూడండి, తేడా ఉంటే బ్రాకెట్ స్క్రూ వదులు చేసి సరిచేయండి. రెండోది, కింది బద్ద గుడ్డ మడతలోంచి ఒక పక్కకు జరిగి బరువు ఒకవైపు పడటం. దాన్ని మధ్యకు నెట్టండి. ఈ రెండూ బాగుంటే గుడ్డను గొట్టానికి అతికినప్పుడే కాస్త వంకర పడి ఉంటుంది. దానికి మందు మాస్కింగ్ టేప్. గుడ్డను గొట్టం కనిపించే దాకా పూర్తిగా దించి, అది జరుగుతున్న వైపుకు ఎదురు వైపున, అంటే మీకు కుడి చివర, గొట్టం మీద 5 సెంటీమీటర్ల టేప్ ముక్క అతికించండి. అటువైపు చుట్టుకొలత వెంట్రుకవాసి పెరిగి గుడ్డ అటు లాక్కుంటుంది. ఒక్క పొర వేసి, పూర్తిగా చుట్టి చూసి, చాలకపోతే రెండో పొర వేయండి. ఒకేసారి నాలుగు పొరలు వేస్తే గుడ్డ కుడి బ్రాకెట్‌కు రాసుకోవడం మొదలవుతుంది, పైగా టేప్ అంచు గుడ్డ మీద చారగా పడుతుంది. ఇప్పటికే చిరిగిన అంచు పోగులను పదునైన కత్తెరతో కత్తిరించండి, లాగి తెంచితే నేత మొత్తం విడిపోతుంది.

గొలుసు వైపు, గొట్టాన్ని తిప్పి ఆపే క్లచ్‌లో గట్టి స్ప్రింగులు ఇరుసును బిగించి పట్టుకుని ఉంటాయి. బ్లైండ్ ఎక్కడ వదిలితే అక్కడ ఆగేది వాటి వల్లే. కిర్రుమంటోందని అక్కడ నూనె పోస్తే పట్టు పోయి గుడ్డ తనంతట తాను దిగుతుంది. క్లచ్ అరిగితే మార్చడమే, దానికి గొట్టం లోపలి కొలత, గాడి ఆకారం సరిపోవాలి. గొలుసు జారుతుంటే ముందు పూసలు చూడండి. మామూలుగా వాడే గొలుసులో పూస 4.5 మిల్లీమీటర్లు, పూస నుంచి పూసకు 6 మిల్లీమీటర్లు. పక్కపక్క పూసల మధ్య పది ఎడాలు కొలిస్తే 60 మిల్లీమీటర్లు రావాలి. అంతకు మించితే గొలుసు సాగింది, లేదా వేరే కొలతది వేశారు.

ఈ గొలుసు కూడా పాప మెడకు ఉచ్చు కాగల వలయమే. వలయం అడుగు నేల నుంచి కనీసం 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలన్నది యూరప్ ప్రమాణం ఈఎన్ 13120 పెట్టిన నియమం. దానికి తోడు గొలుసును బిగుతుగా పట్టి ఉంచే క్లిప్పును గోడకు స్క్రూలతో బిగించాలి. జిగురు టేప్‌తో అతికించిన క్లిప్పు పాప రెండుసార్లు గుంజితే ఊడి వస్తుంది. క్లిప్పు గోడకు గట్టిగా నిలిచిందని లాగి చూశాకే గొలుసును దాంట్లో పెట్టండి. గొలుసు వదులు లేకుండా, వేలు దూర్చి తిప్పితే మెలిక పడనంత బిగుతుగా ఉండాలి.